మీటరు తిరగని ఫోను

విశ్వాసమ్మ చేలో పొద్దుతిరుగుడు నిలువెత్తు పెరిగింది, పువ్వు విచ్చింది. గింజ మాత్రం తాలు. మైదుకూరు అవతలి పల్లెలో ఆమెకున్న భూమి ఆ నల్లరేగడి చెక్క ఒక్కటే. విత్తనాల దుకాణదారు తేల్చి చెప్పాడు: పాకెట్టు మీది 1800 నంబరుకు ఫిర్యాదు చేయాలి, కంపెనీ మనిషి వచ్చి చూసేదాకా పైరు పీకరాదు. పక్క చేలవాళ్లు శనగకు దున్నుతుంటే, ఆమె చచ్చిన పైరును సాక్ష్యంగా నిలిపి ఉంచింది.

తమ చర్చి పాస్టరుగారి సెల్లు నుంచి ఆ నంబరు కలవలేదు. దానికి ల్యాండ్‌లైను కావాలన్నారాయన. ఆమె బస్టాండు ఎదుటి ఎస్టీడీ బూతుకు వెళ్లింది. దాన్ని నడిపే సుబ్బయ్యకు పోలియో. వికలాంగుల కోటాలో దక్కిన ఆ బూతే అతని జీవనాధారం.

"పాకెట్టు మీద ఫ్రీ అని రాసిండారు సుబ్బయ్యా. కలిపీ నాయనా."

"ఫ్రీ నీకక్కా, నాకు గాదు. మీటరు తిరిగితేనే నాకు కమీషను."

అతడు అబద్ధమాడలేదు. 1800 నంబరు ఏ ఊరిదీ కాదు. ఎక్కడి నుంచి చేసినా ఖర్చు కంపెనీ ఖాతాలో పడుతుంది. బూతులో మీటరు కదలదు. కదలని మీటరుకు కమీషన్ లేదు. ఉచితమని అచ్చువేయడం వాగ్దానం. దాన్ని నెరవేర్చే భారాన్ని పైసా ఇవ్వకుండా ఒక వికలాంగుని మీద మోపడం మోసం. ఆ మోసానికి ఏ నిబంధనలోనూ పేరు లేదు.

అయినా సుబ్బయ్య కలిపాడు. అటువైపు, లైనులో ఆగమని పాట మొదలైంది. బూతు బయట పసుపు వ్యాపారి రామకోటయ్య అసహనంగా నిలబడ్డాడు.

"ఏమప్పా, ఈయమ్మ కలెక్టరుతో మాట్లాడతాండాదా? ఆడ కడప యార్డులో రేటు పడిపోతాంది. నాకియ్యకుంటే ఇంకో బూతుకు పోతా!"

"అక్కా, చాల్లే, పెట్టేయ్."

"ఉండప్పా, పాట ఆగింది... ఆ తల్లీ, నా పేరు విశ్వాసమ్మ. మా చేలో..."

సుబ్బయ్య వేలు ఫోను మీటను నొక్కి లైను కోసేసింది. అతడు ఆమె ముఖం చూడలేదు.

మర్నాడు ఆమె మళ్లీ వచ్చేసరికి బూతుకు అట్టముక్క వేలాడుతోంది: ఫ్రీ నంబర్లు కలపబడవు. మిగతా బూతుల్లోనూ అదే మాట. కంపెనీ ఇచ్చే ఫిర్యాదు నమోదు నంబరు లేనిదే తనకు సంబంధం లేదన్నాడు విత్తనాల దుకాణదారు.

శనగ అదను దాటిపోయింది. విశ్వాసమ్మ ఆ పైరును తానే పీకి, మోపులు కట్టి ఇంటికి మోసింది. ఆ చలికాలమంతా ఆమె పొయ్యిలో మండింది ఆ సాక్ష్యమే.