ఒక సున్నా ఎక్కువ

వీధి మలుపులో ఇస్త్రీ కొట్టు నడిపే ఆయనకి పాతికేళ్లుగా నమ్మకస్తుడని పేరు. చొక్కా జేబుల్లో ఎవరైనా మరిచిపోయిన నోట్లను మడతల పైన పెట్టి మరీ ఇచ్చేవాడు. ఒకసారి ఎవరి కోటులోనో నెల జీతమంత కనబడితే, కాలుతున్న పెట్టె పక్కన పెట్టేసి వాళ్లింటికి పరుగెత్తాడు.

కొట్టు ముందు, ఫోనుతో డబ్బు కట్టే స్కానర్ కాగితం అంటించాక జేబులన్నీ ఖాళీగానే రావడం మొదలైంది.

ఒక మధ్యాహ్నం, డ్యూటీకి హడావుడిగా వెళ్తున్న నర్సమ్మ నూట ఎనభైకి బదులు పద్దెనిమిది వందలు కొట్టింది. ఆయన ఫోనులో అంకె చూశాడు. పిలిస్తే వినపడేంత దూరంలోనే ఉందామె. పిలవలేదు. సాయంత్రం చెబుదాంలే అనుకున్నాడు. సాయంత్రమయ్యాక, రేపు చూద్దాం అనుకున్నాడు. చేతికి తగలని డబ్బు కదా, తీసుకున్నట్టే అనిపించలేదు. నాలుగో రోజు దాంతో బొగ్గులు కొన్నాడు.

ఆదివారం ఆమె మొహమాటపడుతూ వచ్చింది.

"అన్నా, నేనే ఓ సున్నా ఎక్కువ కొట్టినట్టున్నాను. కాస్త చూస్తావా?"

"ఫోను సంగతి నాకేం తెలుసమ్మా. అదంతా మా ఆవిడే చూసుకుంటుంది."

వెనక దుప్పట్లు మడతపెడుతున్న భార్య చేతులు ఆగాయి. ఆమెకి ఫోను తెరవడం కూడా రాదు. ఆయన వైపు ఒక్క క్షణం చూసింది.

"నాదే పొరపాటమ్మా, చూసుకోలేదు," అని, చీటీ కోసం దాచుకున్న నోట్లు తెచ్చి ఇచ్చింది.

"పర్లేదక్కా. ఇకమీదట జాగ్రత్తగా చూసుకోండి," అంది నర్సమ్మ, చిన్నపిల్లకి చెప్పినట్టు.

ఆయనకి తల కొట్టేసినట్టయింది. నర్సమ్మ వెళ్లాక భార్యతో, "ఏదో ఒకటి అను," అన్నాడు.

"ఏమనను? ఆవిడ ఎవర్ని దొంగనుకుని వెళ్లిందో చూశావుగా."

రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు నర్సమ్మ బట్టలు తీసుకుని మూడంతస్తులెక్కాడు.

"మా ఆవిడకేం తెలీదమ్మా. అంకె చూసింది నేను, ఉంచుకుంది నేను."

"సరే అన్నా," అని ఆమె మూట కుర్చీ మీద పెట్టి, ఒక్కొక్కటే లెక్కపెట్టింది. ఇన్నేళ్లలో అదే మొదటిసారి.

ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు.

"ఏమంది?"

"బట్టలు లెక్కపెట్టుకుంది."

"మరి పెట్టుకోదా?" అంటూ కంచంలో అన్నం వడ్డించింది.

నర్సమ్మ బట్టలు ఇప్పటికీ ఆ కొట్టుకే వస్తాయి. ఇచ్చేటప్పుడూ లెక్కే, తీసుకునేటప్పుడూ లెక్కే. అయిందని ఆమె చెప్పేదాకా ఆయన తలొంచుకుని అక్కడే నిలబడతాడు.