ఎండ మావయ్య పగడాలు

మా మావయ్యకి ఈ లోకంలో ఒక్కటే బాధ: ఎండ వృథా అయిపోతోందని.

అన్నం వృథా అయితే బాధపడేవాళ్లుంటారు, నీళ్లు వృథా అయితే కేకలేసేవాళ్లుంటారు. ఆయన మాత్రం ఖాళీ గోడ మీద ఎండ పడితే చాలు, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నట్టు విలవిల్లాడేవాడు. ఎవరింటికి వెళ్లినా "బాగున్నారా?" అనడు. "మీకు ఎండ ఎటునుంచి వస్తుంది?" అంటాడు. ఒకసారి మా నాన్న స్నేహితుడు పోతే పలకరించడానికి వెళ్లాం. ఏడుస్తూ కూర్చున్న పెద్దావిడ ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ తల మీదుగా కిటికీ కనిపించింది. "ఆహా! ఇది సాయంత్రం దాకా ఉంటుందాండీ?" అన్నాడు. మా అమ్మ తమ్ముణ్ణి చొక్కా పట్టుకుని వీధిలోకి లాక్కొచ్చింది.

ఇదంతా ఒక గాజు తొట్టి కోసం. అందులో ఉప్పునీళ్లు, ఉప్పునీళ్లలో పగడాలు.

"పగడమంటే ఉంగరంలో రాయి కాదే అమ్మడూ, ప్రాణి," అనేవాడు నాతో. "దాని ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురముంటుంది. మనం ఆ నాచుకి వెలుతురు పెడితే, నాచు దీనికి తిండి పెడుతుంది."

"అందరూ తొట్టి మీద లైట్లు పెట్టుకుంటారు కదా మావయ్యా?"

"సముద్రంలో ఎవడు పెట్టాడే లైట్లు?"

లైట్లమ్మే కొట్టువాణ్ణీ ఇదే మాట అడిగి వచ్చాడు.

మావయ్యది అద్దాలు కోసి, ఫోటోలకు ఫ్రేములు కట్టే కొట్టు. గీతపడ్డ అద్దాలూ, అంచు విరిగిన అద్దాలూ అన్నీ ఇంటికి చేరేవి. ఎండ కిటికీలోంచి వచ్చి బీరువా మీది అద్దానికి తగిలి, అక్కణ్ణుంచి తలుపు వెనక అద్దానికి తగిలి, చిట్టచివరికి తొట్టిలో దిగేది. ఆ దారికి అడ్డంగా వచ్చినవాడికి మూడినట్టే.

"కాస్త అటు జరుగు. జడ్జిగారి మీద నీడ పడుతోంది."

జడ్జిగారంటే నుదురంతా ముడతలుపడ్డట్టుండే గుండ్రటి పగడం. అందరికంటే ఆలస్యంగా విచ్చుకుని, ఎవరైనా దగ్గరికి వెళితే మూతి ముడుచుకునేది అత్తగారు. జుట్టు విరబోసుకుని ఎప్పుడూ ఊగుతూ ఉండేది డాన్సు మేడం. వాళ్ల సౌకర్యం కోసం ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ పొద్దుతోపాటు జరుగుతూ ఉండేది. మా పెదనాన్న ఒకసారి కిటికీ పక్కన మొదలుపెట్టిన కబురుని వంటింట్లో గ్యాసు బండ పక్కన పూర్తిచేశాడు. మళ్లీ ఆ ఇంటి గడప తొక్కలేదు.

అసలు ఎవరూ తొక్కేవారు కాదు. మావయ్య పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "ఒకావిడ ఒప్పుకుంది. ఇంతలో మబ్బు పట్టింది," అని నవ్వేసేవాడు. ఆ ఇంట్లో ఒకటే కంచం, ఒకటే గ్లాసు. నేను వెళ్లిన రోజు గ్లాసు నాకిచ్చి తను చెంబుతో తాగేవాడు. మిగతా రోజుల్లో ఆ గదిలో నోరు విప్పేది తొట్టిలో నీళ్లు తిప్పే మోటారొక్కటే. ముసురు పట్టినప్పుడు ఫోన్ చేస్తే, "ఇవాళ ఎవరూ విచ్చుకోలేదే," అనేవాడు. ఆ ఎవరూలో తనని కూడా కలుపుకున్నట్టే నాకు వినిపించేది.

అలాంటి మనిషి కిటికీకి ఎదురుగా, తూర్పున, ఒక పెద్ద భవనం లేవడం మొదలుపెట్టింది. గోడ లేచినకొద్దీ పొద్దుటెండ జానెడు జానెడు చొప్పున గదిలోంచి వెనక్కి పోయింది. ఒకరోజు మావయ్య ఆగలేక కిందికి దిగి మేస్త్రీని పట్టుకున్నాడు.

"మేస్త్రీ, ఈ మూల కాస్త తగ్గించి కట్టకూడదూ?"

"ఎందుకండీ?"

"పగడాలకి అడ్డం."

మేస్త్రీ తాపీ పక్కన పెట్టి, జ్వరంతో కలవరించేవాళ్లతో మాట్లాడే గొంతుతో, "ఇంజనీరుగారికి చెబుతానండీ. మీరు నీడలో కూర్చోండి," అన్నాడు.

"నీడే కదయ్యా నా గొడవ!" అని అరిచాడు మావయ్య.

భవనం పూర్తయింది. జడ్జిగారు కాఫీ రంగుకి తిరిగాడు. అత్తగారు విచ్చుకోవడం మానేసింది. డాన్సు మేడం కూడా ఒక మూలకి ఒరిగిపోయింది. నేను ఉండబట్టలేక మంచి లైటు తెచ్చిచ్చాను. "బంగారు తల్లివి," అని దాన్ని బీరువా మీద పెట్టి, మళ్లీ తొట్టి ముందు చతికిలబడ్డాడు. గాజు మీద చెయ్యేసి, "నేనేం చెయ్యనర్రా," అన్నాడు. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు.

ఒక సెలవురోజు మధ్యాహ్నం కిటికీ దగ్గర నిలబడ్డవాడు ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుని గుంజాడు. "అమ్మడూ, దొంగ దొరికాడే!"

చూద్దును కదా, పొద్దున్న మా ఎండని మింగిన భవనమే ఇప్పుడు పడమటెండలో నిలువెల్లా మెరిసిపోతోంది. నాలుగో అంతస్తులో ఒక బాల్కనీ, దానికి ముదురు రంగు తెరలు.

"చూడు! అంతెండా తెరల మీద పడి చచ్చిపోతోంది. పద!"

తలుపు తీసినావిడ చేతికర్ర మీద ఆనుకుని మమ్మల్ని ఎగాదిగా చూసింది. "ఎవరు కావాలి?"

"ఎదురింటి పగడాల తరఫున వచ్చామండీ," అన్నాడు మావయ్య. "మీ ఎండ మీరు వాడుకోవడం లేదు. మాకిప్పిస్తారా?"

ఆవిడ తలుపు వేసేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైందట. మోకాళ్ల నొప్పులతో కిందికి దిగదు. "ఊరందరి మాటలూ నేనే కలిపాను," అంది, మమ్మల్ని కూర్చోమని. "ఇప్పుడు నా ఫోను మోగితే రాంగ్ నంబరే." ఆ గదిలో మాకు కనపడినవి గోడగడియారం, మంచం, మందుల డబ్బా. తెరలు తీస్తే కళ్లు మూసుకుంది. చాలాకాలమైనట్టుంది.

మావయ్య ఆ బాల్కనీలో ఇనుప స్టాండు బిగించి, దానికి నిలువుటద్దం అమర్చాడు. అద్దం తిప్పితే పడమటెండ వీధి దాటి వెనక్కొచ్చి మా కిటికీలో దూకుతుంది. పొద్దు జరిగినకొద్దీ తిప్పుతూ ఉండాలి. దానికోసం ఆవిడ ఫోన్ చేసేది. మావయ్య కొట్టు మూసి అన్నానికి ఇంటికి చేరేసరికి ఫోను మోగుతూ ఉండేది.

"లైన్లో ఉండండి. ఇప్పుడెలా ఉంది?"

"కాస్త కిందికి. ఇంకాస్త. ఆఁ, చాలు!"

"అత్తగారు విచ్చుకుందా?"

"మూతి విప్పింది. ఇంకా పలకడం లేదు."

తరవాత నాకు బదిలీ అయి కొంతకాలం వేరే ఊళ్లో ఉన్నాను. ఈలోగా మావయ్య, ఇల్లు అద్దెకిచ్చిన ఇంటాయన కాళ్లావేళ్లా పడి ఇంకో ఘనకార్యం చేశాడు.

"ఇంటికప్పుకి చిల్లు పెడతావటయ్యా?" అన్నాడట ఇంటాయన.

"చిల్లు కాదండీ, కిటికీ. కాకపోతే కాస్త పైన ఉంటుంది."

నేను తిరిగొచ్చి మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా వెళ్లేసరికి ముందుగదిలో తొట్టి లేదు. పగడాలు పోయాయనుకున్నాను. ఇంతలో వెనకగదిలోంచి మోటారు చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే కప్పులోంచి మెరిసే రేకు గొట్టం ఒకటి దిగి ఉంది. అందులోంచి ఎండ నిట్టనిలువునా తొట్టిలో పడుతోంది. జడ్జిగారు పచ్చగా నిగనిగలాడుతున్నాడు. అత్తగారు ఒళ్లంతా విరిసి కూర్చుంది.

ముందుగదిలో ఫోను మోగింది. వంటింట్లోంచి కంచంతో వచ్చిన మావయ్య దాన్ని పక్కన పెట్టి ఎత్తుకున్నాడు. ఒట్టి గోడని చూస్తూ, "కాస్త కిందికండీ. ఆఁ, అదీ! జడ్జిగారి మీద సరిగ్గా పడింది. ఎంత సంతోషపడుతున్నాడో!" అన్నాడు.

నేను నోరు తెరిచాను. ఫోను అరచేత్తో మూసి, "ఉష్!" అన్నాడు. "ఆవిడ ఇప్పుడు దీనికోసం లేస్తుందే. తల దువ్వుకుని, తెరలు తీసి, బాల్కనీలోకొస్తుంది. ఇక అక్కర్లేదని చెబితే మళ్లీ తెరలేసుకుంటుంది. నువ్వెళ్లి ఆ స్టాండు మర బిగించిరా, వదులైందట. నోరు జారావో, నీకూ నాకూ చెల్లు!"

ఎండ ఏ గోడ మీదైనా వృథాగా పడితే ఓర్వలేని మనిషి, తన గోడ మీద రోజూ పడనిస్తున్నాడు.

ఆవిడ ఇంటికి వెళ్లి మర బిగిస్తూ, "పగడాలు బాగున్నాయండీ, అంతా మీ చలవే," అన్నాను, నా శక్తికొద్దీ.

"వెనకగదిలోకి మార్చాడుగా, బాగానే ఉంటాయి," అందావిడ, లైన్లో ఉన్న ఫోనుని అరచేత్తో మూసి.

నా చేతిలోంచి పానా జారింది.

"ఎదురుగా ఉన్నాను, నేను పంపే వెలుగు ఎక్కడ పడుతోందో నాకు తెలియదా తల్లీ? వెనకగది కప్పులో గొట్టం దింపడమూ ఇక్కణ్ణుంచే చూశాను. నీళ్లలో పడితే ఆ గదంతా అలలు అలలుగా ఆడేది. ఇప్పుడు ఒట్టి గోడ. కదలదు."

"మరి చెప్పలేదేమండీ?"

"చెబితే మధ్యాహ్నం ఇంటికెందుకొస్తాడు? కొట్లోనే ఏదో ఇంత నమిలి కూర్చుంటాడు. ఇదివరకు అలాగే చేసేవాడట. ఇప్పుడు నా ఫోను కోసమైనా వచ్చి ఇంత వేడన్నం తింటున్నాడు. నువ్వు మాత్రం అనకమ్మా, చిన్నబుచ్చుకుంటాడు."

ఇటు తల ఊపాలా అటు ఊపాలా తెలియని కంగారులో నా మోచెయ్యి అద్దానికి తగిలింది. వెలుగు మా కిటికీ వదిలి సర్రున కింది వీధిలోకి జారింది. మరుక్షణం ఎదుటి కిటికీలోంచి మావయ్య నడుం దాకా బయటికొచ్చి, చెవి దగ్గర ఫోను ఉన్న సంగతే మరిచిపోయి, వీధి అదిరేలా అరిచాడు. "ఎడమకి! ఎడమకి! జడ్జిగారు చీకట్లో పడ్డాడు!"

ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వు మింగింది. గొంతు సవరించుకుని, ఎక్స్ఛేంజి రోజుల నాటి మర్యాదతో ఫోనులో, "క్షమించండి, కొత్త ఆపరేటరు. లైన్లో ఉండండి," అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని అద్దం నెమ్మదిగా ఎడమకి తిప్పించింది.

ఎదురుగా, గోడ మీదికి ఎండ తిరిగొచ్చింది. మావయ్య దాన్ని తృప్తిగా చూసుకుని, కుర్చీ దగ్గరికి లాక్కుని, కంచం ముందు కూర్చున్నాడు.