బావ షట్టరుకి కాయ వదిలింది నేనే

మా బావ పోయాడు. కాశీబుగ్గలో ఫోటో స్టూడియో నడిపిన మనిషి, మా అప్ప పెనిమిటి. మధ్యాహ్నం అన్నం తిని, వాలుకుర్చీలో కూర్చుని, అట్నుంచి అటే వెళ్లిపోయాడని మేనల్లుడు ఫోను చేశాడు. మంచం పట్టలేదు, ఎవరిచేతా చేయించుకోలేదు. అందుకు సంతోషమే. కానీ ఉన్నమాట చెప్పాలి. నాకు కన్నీళ్ల కంటే ముందు కోపం వచ్చింది. పెద్ద తుపాను తర్వాత నన్ను చెట్టెక్కమని ఆయన ఒక్కసారి కూడా పిలవలేదు. ఎందుకు పిలవలేదో చెప్పకుండానే పోయాడు.

చెట్టుకీ ఫోటోకీ ఏమిటి సంబంధమని అడుగుతారు. చెబుతాను.

ఆయన మొదట సంపాదించిన కెమెరాకి లెన్సు మంచిదే, షట్టరు చచ్చిపోయింది. షట్టరంటే వెలుతురుని రెప్పపాటు లోపలికి వదిలి మూసేసేది. బావ దాన్ని తనే చేసుకున్నాడు. నూనె డబ్బా రేకు కోసి, మధ్యలో సన్నని సందు పెట్టి, పనస చెక్క గాడిలో అది జారిపడేట్టు అమర్చాడు. కిందికి లాగడానికి సైకిలు ట్యూబు రబ్బరు. రబ్బరు బిగిస్తే రేకు తొందరగా పడుతుంది. ఎంత తొందరగా? రబ్బరు మార్చినప్పుడల్లా అది తేల్చడానికి జలంత్రకోటలో మా కొబ్బరితోటకి వచ్చేవాడు.

చెట్టు పక్కన జానకొక నల్లగీత పెట్టిన వెదురు నిలబెట్టేవాడు. నేను సున్నం పూసిన కాయతో పైకెక్కి వదలాలి. కాయ పడుతుండగా ఆయన షట్టరు నొక్కాలి. ఫోటోలో కాయ తెల్లటి చారలా వస్తుంది. చార పొడుగైతే షట్టరు నిదానం, పొట్టిదైతే చురుకు. వెదురు గీతలతో చారని కొలిచి లెక్క కట్టేవాడు.

"యేగం నోటితో సెప్పేది కాదురా, గీత మీద సూపించాలి" అనేవాడు.

ఒకసారి తేడా వచ్చింది. నాది కొబ్బరి దింపేవాడి చెయ్యి, కాయని ఊరికే వదలదు, మెలిపెట్టి కిందికి తోస్తుంది. తోసిన కాయ జోరుగా పడింది, చార పొడుగ్గా వచ్చింది. షట్టరు నిదానంగా ఉందనుకుని బావ రబ్బరు ఇంకా బిగించాడు. వెలుతురు చాలక సోంపేటలో తీసిన పెళ్లి ఫోటోలన్నీ నల్లబడ్డాయి.

"ఏటి బావూ, పెళ్లి అమాసకి సేసినామా?" అని పెళ్లివారు ఆడిపోసుకున్నారు.

బావ నేరుగా నా మీదకి వచ్చాడు. "కాయని వదలమన్నాను గానీ తొయ్యమన్నానేటి?"

"ముందు నీ రబ్బరు సూసుకో" అన్నాను. ఇప్పటికీ అదే అంటాను.

ఆ తర్వాతా నన్నే ఎక్కించాడు. ఎక్కేముందు మాత్రం నా అరచెయ్యి పట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటే విప్పి చూపించేవాడు. "ఇలగ. ఒగ్గీడమే." సెల్‌ఫోన్లు వచ్చి స్టూడియోకి జనం తగ్గినా ఈ పని మానలేదు.

తుపానుకి స్టూడియో రేకులు లేచిపోయాయి. "షట్టరు పోనాదిరా, ఇంక ఒగ్గీ" అన్నాడు. నేను నమ్మలేదు. నా చెయ్యి మీద నమ్మకం పోయి మరొకణ్ణి పెట్టుకున్నాడనుకున్నాను. ఇన్నేళ్లూ అదే నన్ను తొలిచింది.

దహనం అయి అందరం ఇంటికొచ్చాక మేనల్లుడు అటక మీది పెట్టె దించాడు. షట్టరు ఉంది! రేకుకి కొబ్బరినూనె రాసి ఉంది. రబ్బరు కొత్తది. నొక్కితే టక్కున పడింది.

"పోనాదన్నాడు గదప్పా?" అన్నాను.

అప్ప కళ్లు తుడుచుకుంది. "ఉందంటే నువ్వు సెట్టెక్కుతానంటావు. నీ మోకాళ్లు సూసినాడు మీ బావ. ఇంకో మనిసిని ఎక్కించమన్నాను. 'ఆ సెయ్యి తప్ప నాకు ఇంకో సెయ్యి తెల్దే' అన్నాడు. మానీసినాడు."

గుండెల మీంచి బస్తా దించినట్టయింది. అక్కడే చతికిలబడి ఏడ్చాను. హాయిగా ఏడ్చాను. అయితే ఒకటి. నా మోకాళ్లకి ఏమీ కాలేదు. ఊరంతా వినవచ్చు.

ఒరే అల్లుడూ, ఇది నువ్వు చదువుతావని తెలుసు. ఆ కొత్త రబ్బరు వేగం ఎవరూ తేల్చలేదు. తేల్చని షట్టరుని మీ నాన్న ఎన్నడూ వాడలేదు. తుపానుకి మిగిలిన చెట్టొకటి మా తోట చివర సముద్రం వైపు వాలి ఉంది. దాని తల కింద ఉత్త ఇసకే. కాయ మొదలుకి తగలకుండా నేరుగా దిగుతుంది. ఫిల్ము బరంపురం నుంచి నేను తెప్పిస్తాను. వచ్చి నొక్కుతావా, నొక్కవా? ఆదివారం పొద్దుగుంకే లోపల జవాబు కావాలి. నిచ్చెన మాట మాత్రం ఎత్తకు.