రామబ్రహ్మం దోనె

నిజాంసాగర్ కాలువ కింద పొలం కొని బాన్సువాడకు వచ్చిన రామబ్రహ్మం సముద్రపొడ్డున పెరిగిన మనిషి. మంజీరను అందరూ గుండ్రటి పుట్టిలో దాటుతుంటే, ఆయన మాత్రం సొంతంగా చేయించుకున్న సన్నటి పొడుగు దోనెలో కాళ్ళు చాపుకుని కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో చేపలా దూసుకుపోయేవాడు. ఒక్కటే చిక్కు. వెనక కూర్చున్నవాళ్ళ వైపు తిరగనిదే ఆయనకు మాట రాదు, ఆయన తిరిగితే దోనె తిరగబడుతుంది. అందుకే భార్య హనుమాయమ్మ అందులో కాలు పెట్టలేదు. ఒక్కసారైనా ఆమెను ఎక్కించుకుని నది దాటాలని ఆయన కోరిక.

"అవతలి ఒడ్డు చేరేదాకా నోరు విప్పనంటే ఎక్కుతాను. తడిశానో, మళ్ళీ అడగొద్దు" అందామె చివరికి.

ఆయన పెదవులు బిగించి తెడ్డేశాడు. పక్కనే పుట్టి నడుపుతున్న బాలమల్లు, "ఏందన్నా, అక్క నీ నోరు కుట్టిందా ఏంది?" అని నవ్వాడు. రామబ్రహ్మం మెడ ఎర్రబడింది గాని, తల మాత్రం తిప్పలేదు. ఒడ్డు దగ్గర పడుతుండగా హనుమాయమ్మకే ఉండబట్టలేదు.

"ఏమండీ, నిజంగానే అలిగారా?"

"అబ్బే, లేదే!" అంటూ ఆయన గిరుక్కున తిరిగాడు. మరుక్షణం ఇద్దరూ నడుంలోతు నీళ్ళలో ఉన్నారు. ఆయన తప్పు చేసిన మొహంతో నిలబడ్డాడు. హనుమాయమ్మ ముక్కు చీదుకుని కొంగు పిండుకుంది.

"దోనెలో నీళ్ళు పారబోయండి. ఈసారి నేను ముందు కూర్చుంటాను, నా వీపుతో ఎంతసేపైనా మాట్లాడుకోండి."