అక్క ఉతికిన కోటు

తొంభైల చివర్లో నాకు జపాన్ వెళ్లే స్కాలర్‌షిప్ వచ్చింది. పట్టుపురుగుల జబ్బుల మీద పరిశోధన చేయాలి, దాంతోపాటు అక్కడి విద్యార్థులకు పాఠాలూ చెప్పాలి. అప్పటికి నేను మదనపల్లెలో ఒక కాలేజీలో పట్టుపురుగుల పెంపకం గురించే చెప్పేవాణ్ణి. కబురు తెలిసిన రోజు నుంచి నా నడకే మారిపోయింది. పాస్‌పోర్టు విచారణకు వచ్చిన పోలీసాయనకు కాఫీ ఇస్తూ కూడా జపాన్‌లో మంచు ఎంత పడుతుందో వివరించాను. పాపం, ఆయన అడగలేదు.

ఆ మంచు పేరు చెప్పి ఉన్ని కోటు కుట్టించుకున్నాను. మదనపల్లెలో గుడ్డ కొని, పుంగనూరులో పెండ్లి సూట్లు కుట్టే టైలర్ దగ్గరికి తీసుకుపోయాను. "కొంచెం వదులు పెడతా సార్, లోపల స్వెట్టర్ ఏసుకోవాల గదా" అన్నాడాయన. కోటు చేతికొచ్చాక, పురుగు కొట్టకుండా జేబుల్లో కలరా ఉండలు వేశాను. బట్టల పెట్టెలో వేసుకునే ఆ తెల్ల ఉండల వాసన పట్టుపురుగుకు విషం. ఏటా కొత్త విద్యార్థులకు నేను చెప్పే మొదటి పాఠంలోనే ఆ మాట ఉండేది.

ప్రయాణం దగ్గర పడ్డాక అక్క వాళ్ల ఊరికి వెళ్లాను. గుడుపల్లె దగ్గర చిన్న పల్లె. నన్ను చదివించింది అక్కా బావే కాబట్టి, వాళ్లింట్లో ఉండి కుప్పంలో రైలెక్కాలనుకున్నాను. పెట్టెలో పెడితే మడతలు పడతాయని కోటు చేతి మీద వేసుకుని బస్సు దిగాను. మడతల మాట సాకే. ఊళ్లోవాళ్లు చూడాలని నా ఆశ.

అక్క వాకిట్లోనే ఎదురైంది. "ఏమిరా, ఇంత ఎండలో గొంగడి మోసుకోని వస్తాండావు?"

"గొంగడి కాదుక్కా, కోటు."

"యాదీ, ఏసుకో సూద్దాం."

వేసుకుని నిలబడ్డాను. బావ చుట్టూ తిరిగి చూశాడు. "బాగుండాదప్పా. ఈ ఏషంతో మడికాడికి మాత్రం రావద్దు, ఎద్దులు తాళ్లు తెంపుకుంటాయి."

వాళ్ల ఇంట్లో పెద్ద గదంతా పురుగులదే. వెదురు స్టాండ్లు, వాటి మీద వరసగా తట్టలు. మనుషుల పడక వసారాలో. పురుగు పొర విడవడానికి మేత మాని పడుకోవడాన్ని మా వైపు జ్వరం అంటారు. అక్క పురుగులు నాలుగో జ్వరం కూడా లేచి, ఇంకొన్నాళ్లు మేస్తే గూళ్లు కట్టే దశలో ఉన్నాయి.

"ఈ పంట చేతికొస్తే పురుగులకు వేరే గది ఏసుకుంటామురా. నా ఇంట్లో నేను కాళ్లు చాపుకోని పండుకుని ఎన్నేండ్లాయనో" అంది అక్క.

పురుగుల గదిలోకి ఎవరైనా కాళ్లు కడుక్కునే పోవాలి. ఆ పట్టింపు నేను మరిచిపోలేదు. సాయంత్రం వసారాలో పురుగుల మేతకు తెచ్చిన మల్బరీ ఆకు దులుపుతుంటే కోటుకు దుమ్ము పడుతుందని, శుభ్రంగా కాళ్లు కడుక్కుని మరీ లోపలికి పోయి, స్టాండు కొసకు దాన్ని తగిలించి వచ్చాను.

తెల్లవారి ఆకు వేయడానికి లోపలికి వెళ్లిన బావ వెంటనే బయటికి వచ్చాడు. "ఏమే, పురుగు మేయడంలేదే. తలకాయలెత్తి ఊరికే సూస్తాండాయి."

నేను లోపలికి పోయాను. రాత్రి వేసిన ఆకు అట్లాగే ఉంది. నమిలే చప్పుడు లేదు. కొన్ని పురుగులు పచ్చగా కక్కుకుంటున్నాయి. తలుపు మూసి ఉంచిన ఆ గదిలో కలరా ఉండల వాసన గుప్పుమంటోంది. ఏం జరిగిందో నాకు ఆ క్షణమే అర్థమైంది.

"నిన్న సందకాడ తడి ఆకు ఏసినట్టుండాను. నాదే తప్పు" అని బావ తల పట్టుకున్నాడు. తడి ఆకు మేస్తే పురుగుకు జబ్బు చేస్తుంది. జబ్బుల మీద పరిశోధనకు పోతున్నవాణ్ణి నేను. నా వైపు తిరిగి, "అంతేనంటావా?" అని అడిగాడు. నేను అవుననలేదు, కాదనలేదు. తట్టలు బయటికి మోద్దామన్నాను.

అందరం కలిసి తట్టలన్నీ వసారాలోకి చేర్చి కొత్త ఆకు వేశాం. చివరి తట్ట మోశాక అక్క ఒక్కతే లోపలికి పోయి, కోటు పట్టుకుని వచ్చింది. జేబులో చేయి పెట్టి, తీసి, నా ముఖం చూసింది. ఏమీ అనలేదు. ఉండలు దిబ్బలోకి విసిరేసి, కోటును వేడివేడి కుంకుడు నీళ్లలో నానబెట్టి, బట్టల బండ మీద బాదింది. నా మీద రావలసిన కోపమంతా ఆ బండే తిన్నదేమో.

కోటు ఆరేసరికి ముడుచుకుపోయింది. చేతులు మణికట్టు దాటి పైకొచ్చాయి. ఉన్నిని వేడినీళ్లలో పెట్టకూడదని మా వైపు ఎవరికి తెలుసు? "ఇదేందిరా, రాత్రికి రాత్రి నీ చేతులు పెరిగినాయి!" అని అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు విన్నాకే నాకు అన్నం సహించింది.

దూరపు స్టాండ్ల మీది పురుగులు కోలుకుని గూళ్లు కట్టాయి. కోటు పక్కనున్నవి చచ్చి గుంటలోకి పోయాయి. ఎవరైనా అడిగితే అక్క "ఎండ ఎక్కువాయె" అనేది. వేరే గది ఆ ఏడు లేనట్టే.

కుప్పం స్టేషన్‌లో రైలు కనిపించాక గానీ నాకు నోరు రాలేదు. "బావా, తడి ఆకు కాదు. నా కోటు."

"తెలుసులేప్పా. ఉతికినపొద్దే తెలిసె" అన్నాడు బావ, నా పెట్టె ఎత్తుకుంటూ. "నువ్వెప్పుడు సెప్తావోనని సూస్తాండా. నీకు రైలు రావాల్సొచ్చె."

జపాన్‌లో ఆ చలికాలమంతా నాకు అదే కోటు. మొదటి తరగతిలో బోర్డు మీద రాయడానికి చేయెత్తితే మోచేతి దాకా చలేసింది. పురుగుల గదికి ఏ వాసనలు దూరంగా ఉంచాలో చెబుతూ, ఉదాహరణకు "మా వైపు ఒక రైతు బంధువు" అని మొదలుపెట్టాను. సగంలో ఆగి, ఆ బంధువు నేనేనని చెప్పాను. విద్యార్థులు నా కోటు చేతుల వైపు చూశారు. అంతకు ముందు ఏ తరగతిలోనూ నా మాట అంత శ్రద్ధగా ఎవరూ వినలేదు.

ఆ మాట చెప్పగల ధైర్యం అక్క మౌనం వల్ల వచ్చింది. అందరి ముందూ నన్ను నిలదీసి ఉంటే నేను ఎదురు వాదించి ఉండేవాణ్ణి. అప్పటి నా స్వభావం నాకు తెలుసు.

నేను సెలవుకు వచ్చేసరికి తర్వాతి పంటలతో పురుగులకు వేరే గది లేచింది. పైన రేకులు, గాలికి జాలీ కిటికీలు. తలుపు పక్కన, గడప బయట, గోడకు లావుపాటి మేకు ఒకటి దిగేసి ఉంది.

"ఇదెందుకుక్కా?"

"నీ కోటుకురా" అంది అక్క. "ఈడ తగిలించి, కాళ్లు కడుక్కోని లోపలికి రా. పురుగు బాగా మేస్తాండాది, సూద్దువు."