స్పానరు బావ బిగించిన బోర్డు

దసరా అష్టమి, బుధవారం, పొద్దున్న తొమ్మిదిన్నరకి స్టేషన్‌కి బయల్దేరాం. ఇంత కచ్చితంగా ఎలా గుర్తుందంటే, మా ఆడపడుచు కొత్త వాచీ కట్టుకుని, అడిగినా అడక్కపోయినా దారిపొడుగునా అందరికీ టైము చెప్పుకుంటూ వచ్చింది. ఆ రోజుల్లో జంషెడ్‌పూర్ తెలుగువాళ్ళకి పూజా సెలవులంటే పూరీయే, ఇంకో ఊరు ఉన్నట్టే తెలీదు. బిర్సానగర్‌లో మా సందులో ఎవరింటికి వెళ్ళినా గోడ మీద జగన్నాథుడు, గూట్లో సీసాడు సముద్రపు నీళ్ళు. నేనేమో మా ఊరి సుబర్ణరేఖ నది కంటే పెద్ద నీళ్ళు చూసి ఎరగను. అయినా కొత్త కాపురం పొగరు కదా, మా ఆయనకి చుట్టీ, అదే సెలవు, పాసవ్వకముందే సందంతా తిరిగి “మేవూ పూరీ ఎల్తన్నాం” అని చాటేశాను. చుట్టీ ఆఖరి నిమిషంలో పాసయ్యింది. టాటానగర్ స్టేషన్‌కి పరిగెత్తేసరికి పూరీ వెళ్ళే బండికి జనం కిటికీల్లోంచి కూడా వేలాడుతున్నారు.

మాతో వచ్చింది ఆ వాచీ వదినా, ఆవిడ మొగుడూ. ఆయన్ని కాలనీ మొత్తం స్పానరు బావ అనేది. లారీల కార్ఖానాలో నట్లు బిగించడం ఆయన పని. (నిద్రలో కూడా కుడిచెయ్యి తిప్పుతాడని వదిన చెప్పేది. ఊరికి వెళ్ళినా సంచిలో స్పానరు ఉండాల్సిందే.) టికెట్ల కిటికీలో బాబు మా మొహాలు చూసి, “పలాస వైపు బండి ఖాళీ. నిరుడు తుపాను కొట్టింది కదా, ఉధర్ కౌన్ జాతా హై?” అన్నాడు, అటెవరు వెళ్తారని. “సముద్రం ఉందేటి, పోనాదా?” అని అడిగాను నేను. “సముద్రానికేటయ్యిందే, పోయినవి ఊళ్ళు” అన్నాడు స్పానరు బావ. సముద్రం ఉంటే చాలనుకున్నాను. సందులో ఏ సముద్రమని ఎవరు అడుగుతారు?

పలాస ఇవతల చిన్న స్టేషన్లో దిగి, బండి కట్టించుకుని తీరం ఊరికి చేరాం. కొబ్బరిచెట్లన్నీ తలలు లేకుండా నిలబడి ఉన్నాయి. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క లాడ్జికి సగం పెంకులు, సగం తాటాకు. మేం దిగామో లేదో జనం గుమిగూడి కొబ్బరిబొండాలు కొట్టి చేతుల్లో పెట్టారు. లాడ్జి నడిపే ఆవిడని ఊరంతా అప్ప అంటుంది. ఆ అప్ప మా మగాళ్ళ కాళ్ళకి నీళ్ళిచ్చి, పీటలేసి, చేపల పులుసుతో అన్నం పెట్టింది. టాటా తెలుగువాళ్ళంటే ఎంత మర్యాదో అని నేను ఉబ్బిపోయాను. సంగతి వేరు. మా కార్ఖానావాళ్ళకి ఒక అలవాటుండేది: పెళ్ళికైనా తీర్థానికైనా రైలెక్కితే ఖాకీ బట్టలు, లావు బూట్లు, చేతిలో పచ్చ టోపీ. ఖాకీ చూస్తే జనం జరిగి సీటిస్తారని. ఆ ఊరివాళ్ళేమో ఏడాదిగా కరెంటువాళ్ళ కోసం కళ్ళు కాయలు కాసేలా చూస్తున్నారు.

“బాబూ, మీరు లైటిచ్చేత్తే సరి, నేకపోతే దశమి దాటగానే దీనికి తాళమేసి మా చెల్లి దగ్గరికి ఎలిపోతాను. సీకట్లో ఉన్న లాడ్జికి ఎవులొత్తారు?” అంది అప్ప. మూల మూట కట్టే ఉంది. నాకు ముద్ద దిగలేదు. మా స్పానరు బావకి మాత్రం దిగింది, మళ్ళీ పులుసు కూడా వేయించుకున్నాడు. ఎవరో నిచ్చెన తెచ్చి స్తంభానికి ఆనించారు. “ముందు చెకింగు సెయ్యాల” అని బావ మీసం దువ్వుకుని పైకి చూశాడు. అక్కడితో వదినకి ఓపిక అయిపోయింది. “ఏటి చెకింగు నీ మొహం! ఇంట్లో బలుబు మార్చమంటే పక్కింటోడ్ని పిలుత్తావు! అప్పా, ఈల్లు కరెంటోల్లు కారు, లారీలోల్లు. సెలవులకొచ్చాం.”

నిచ్చెన పట్టుకున్నవాడు నిచ్చెన వదిలేశాడు. పులుసు గిన్నె వెనక్కి అడుగుతారేమో అనుకున్నాను. అప్ప మమ్మల్ని ఒకసారి, తలల్లేని చెట్లని ఒకసారి చూసింది. “సెలవులకా? మా ఊరికా? ఎవులూ రమ్మనకుండానే?” అంది. అవునన్నాను. “ఓలమ్మో, కరెంటోడైతే వాడి డూటీకి వత్తాడు. మీరు ఉత్తినే సూడ్డానికొచ్చారా!” అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలీలేదు. మూట మాత్రం విప్పింది. మాకు దుప్పట్లు కావాలి కదా.

తిన్న పులుసుకి సిగ్గేసి, ఏదో ఒకటి చెయ్యాలని మగాళ్ళు పెరడంతా వెతికితే, తుపానుకి ఊడిపడ్డ లాడ్జి బోర్డు ఇసకలో దొరికింది. ఇనప రేకు, తెలుగు అక్షరాలు. మా నలుగురిలో మగాళ్ళకి హిందీ తప్ప తెలుగు చదవడం రాదు, ఆడాళ్ళకి ఏదీ రాదు. అప్పకీ రాదు, చుట్టూ చేరిన ఊరివాళ్ళకీ రాదు. ఎటు పైకి అని అడిగితే అందరూ నా వైపు చూశారు. నేను ఊరుకోవచ్చు కదా! “ఈ చిన్నచిన్న గీతలున్నాయే, అవి కాళ్ళు. కాళ్ళు కిందకుండాల” అన్నాను. ఎవరూ కాదనలేదు. మా ఆయన రేకు పట్టుకుంటే, స్పానరు బావ లారీ చక్రం బిగించినట్టు నాలుగు బోల్టులూ బిగించాడు. రెండు రోజులు సముద్రం చూశాం, వదిన దానికి కూడా టైము చెప్పింది. వెళ్ళే పొద్దున్న పోస్టుమాను సైకిలు దిగి, బోర్డు చూసి, రోడ్డు మీదే కూలబడి నవ్వాడు. బావ విప్పబోతే బోల్టు కదల్లేదు. “ఉండనీ బాబూ, తుపాను నా బతుకే తలకిందులు సేసింది, బోర్డుకేటి?” అంది అప్ప.

నలభై దాటాక సాయంత్రం బడిలో నేను అక్షరాలు దిద్దుకున్నాను. తలకట్టు అంటే ఏమిటో చెప్పిన రోజు పలక మీద తలపెట్టుకుని నవ్వితే పంతులమ్మ భయపడింది. మొన్న మా మనవరాలికి కూడా ఆఖరి నిమిషంలోనే సెలవు దొరికింది. ఫోన్లో వెతికి వెతికి “అమ్మమ్మా, యే దేఖో, తలకిందుల లాడ్జి! బహుత్ ఫేమస్ హై” అంది. జనం ఆ బోర్డు కింద తలలు పక్కకి వంచి నిలబడి ఫోటోలు దిగుతున్నారు. “అయితే బుక్ చేయవే.” “రూమ్ నహీ హై. దీవాలీ తక్ ఫుల్.” ఎవరూ వెళ్ళని ఊరని వెళ్ళినదాన్ని, నాకే చోటు లేదట! కాసేపు మండింది. తర్వాత ఫోను తిరగేసి పట్టుకుని కూడబలుక్కుంటూ చదివాను: ‘సముద్రం ఒడ్డున భోజనం, బస.’ బోల్టులు తుప్పు పట్టాయి కానీ వదులవలేదు.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళం: టైము చెప్పే మా వదిన, లైటివ్వని స్పానరు బావ, రేకు పట్టుకుని నోరెత్తని మా ఆయన, మూట విప్పిన అప్ప, నిచ్చెన వదిలేసినవాడు, తలకట్లని కాళ్ళనుకున్న నేను.