సర్పంచ్ సాబ్ నిలబడతాడా, లేదా?

అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్నానని నేను వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజ్‌కి పదకొండు బొటనవేళ్ళు వచ్చాయి. అందులో ఒకటి నాదే. అదే రోజు మధ్యాహ్నం సర్పంచ్ సాబ్ ఒక వాయిస్ మెసేజ్ పెట్టి, ఎవరూ వినకముందే తీసేశాడు. తీసేసిన ఆ మెసేజ్ గురించి సాయంత్రం దాకా అబుదాబీ పక్క ముసఫ్ఫాలో ఉన్న తెలుగువాళ్ళంతా మాట్లాడుకున్నారు.

"ఏం చెప్పిండో?"

"నిలబడ్త అన్నడేమో."

"ఏ, నిలబడను అనే అని ఉంటడు. అందుకే తీసేసిండు."

"అరే, సాబ్ దగ్గినా అండ్ల ఏదో అర్థముంటదిరా భాయ్."

ఈ ఆఖరి మాట అన్నవాడు మా కంపెనీలో వెల్డరు. వాడికి మంచి చేతి తొడుగులు కావాలని నేను నాలుగు షాపులు తిరిగి, బేరమాడి తెచ్చిచ్చిన వారం అది. ఆ తొడుగులు వేసుకునే అన్నాడు. నా మెసేజ్ నేను మూడు రోజులు కూర్చుని రాసింది. ఏడు హామీలున్నాయి. వాట్సాప్ దాన్ని మూడో హామీ దగ్గర కత్తిరించి, మిగతాది చదవాలంటే ఇక్కడ నొక్కండి అంది. ఎవరూ నొక్కలేదని నాకు తెలుసు. ఎందుకంటే ఆరో హామీలో ఒక పెద్ద తప్పు దొర్లింది, ఆ తప్పుకు ఎవరూ నవ్వలేదు.

అది కరోనా పూర్తిగా సద్దుమణిగాక వచ్చిన మొదటి ఎన్నిక. అబుదాబీలో ఒక భారతీయుల క్లబ్బు ఉంది. దాని అధ్యక్షుడిని సభ్యులు ఓటేసి ఎన్నుకుంటారు. అంతకుముందు సారి తెలుగువాళ్ళం ఇద్దర్ని నిలబెట్టాం, తెలంగాణ నుంచి ఒకరు, ఆంధ్రా నుంచి ఒకరు. ఓట్లు రెండుగా చీలి ఇద్దరూ కలిసి అడుగుకు పోయారు. ఈసారి అట్లా కాకూడదని, ముందు మనలో మనం ఓటేసుకుని ఒక్కణ్ణే పంపాలని నిర్ణయించారు. దానికి మావాళ్ళు పెట్టుకున్న పేరు ఇంటి ఓటు. పోటీ చేసేవాళ్ళు శనివారం సాయంత్రంలోగా గ్రూపులో చెప్పాలి. ఆదివారం ఓటు.

నేను జగిత్యాల వైపు కిరాణా కొట్లో పెరిగినవాణ్ణి, అందుకే ఇక్కడ అందరికీ సేటునే. ముసఫ్ఫాలో ఒక ఫ్యాబ్రికేషన్ కంపెనీకి పర్చేజర్‌ని. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా షాపు షాపు తిరిగి పైపులు, రాడ్లు, నట్లు, బోల్టుల ధర దించడమే నా ఉద్యోగం. బేరం తప్ప నాకు వేరే విద్య రాదు. ఇష్టమైన వస్తువును ఇష్టం లేనట్టు చూడటం పదేళ్ళ వయసుకే వచ్చింది. అధ్యక్ష పదవి ఒక్కటే అట్లా చూడలేకపోయాను. నాకది కావాలి. వేదిక మీద మధ్య కుర్చీ కావాలి. నేను వస్తుంటే నలుగురు లేచి నిలబడాలి.

సర్పంచ్ సాబ్ వస్తే లేచేవాళ్ళు. ఆయన నిజామాబాద్ దగ్గర ఒక ఊరికి రెండుసార్లు సర్పంచ్. మూడోసారి ఓడిపోయి దుబాయ్ వచ్చేశాడు. వచ్చింది అబుదాబీయే అయినా, మా వైపు అంతా దుబాయే. ముసఫ్ఫా పక్కనే ఐకాడ్ అనే ఫ్యాక్టరీల పేటలో ఒక లేబర్ క్యాంపుకు ఇన్‌చార్జి. అరవైకి దగ్గర పడ్డాడు. మెల్లగా మాట్లాడతాడు, మాటకూ మాటకూ మధ్య మనం టీ తాగొచ్చు. ఆయన ఎక్కడికెళ్ళినా ఎవరో ఒకరు కుర్చీ తెచ్చేవారు. ఆ కుర్చీలు ఎక్కడినుంచి వచ్చేవో నాకిప్పటికీ తెలియదు.

కరోనాలో క్యాంపులు మూసేసినప్పుడు ఆయన గేటు దగ్గర నిలబడి ముదీర్‌తో, అంటే పై మేనేజరుతో మాట్లాడి, లోపలివాళ్ళకు బియ్యం, పప్పు వచ్చేట్టు చేశాడు. నిజమే. కానీ ఆ బియ్యం ధర దించింది నేను. హోల్‌సేల్ వాడితో ఫోన్లో గంటసేపు గొంతు పోయేట్టు కొట్లాడాను. జనానికి గేటు దగ్గర నిలబడ్డ మనిషే గుర్తున్నాడు. అదీ న్యాయమేనేమో, బేరం ఎవరికీ కనబడదు కదా. కానీ తర్వాత మూడేళ్ళు ఎప్పుడు బియ్యం మాట వచ్చినా నేను లోపల కుతకుతలాడుతూ పైకి తలూపుతూ ఉండేవాణ్ణి.

బుధవారానికి గ్రూపులో నా పేరు ఎత్తేవాళ్ళే లేరు. సాబ్ నిలబడతాడా, లేదా, ఇదే మాట. నిలబడితే నా పని ఖలాస్. నిలబడనంటే నాకు దారి. ఆయన రెండూ అనడు. ఎవరడిగినా "సూద్దాం తియ్" అంటాడు. నాకు ఒళ్ళు మండింది. నేను నిలబడ్డాను మహాప్రభో అని చెప్పినా పట్టించుకోని జనం, ఏమీ చెప్పని మనిషి చుట్టూ తిరుగుతున్నారు. ఇంత గిరాకీ పెంచుకున్నాడంటే ఆయన కచ్చితంగా ఏదో అడగబోతున్నాడు అనుకున్నాను. మా కొట్లో పెరిగినవాడికి వేరే ఆలోచన ఎట్లా వస్తుంది? నోరు విప్పని మనిషంటే ధర పెరగాలని చూస్తున్నవాడే.

గురువారం పని మధ్యలో కంపెనీ పికప్ వేసుకుని ఐకాడ్ వెళ్ళాను. క్యాంపు ఆఫీసు నీడలో కుర్చీలో కూర్చున్నాడు. నన్ను చూసి నవ్వాడు.

"రా సేటు. ఏం అమ్మవచ్చినవ్?"

"ఏం లేదు సాబ్, ఊకెనే. మంచిగున్నరా?"

"నువ్వు ఊకెనే డీజిల్ కాలవెట్టుకుంట అస్తవా! చెప్పు."

నేను మొదలుపెట్టాను. పెద్దవారు మీకెందుకీ పరుగులు, గౌరవాధ్యక్షుడిగా ఉండండి అన్నాను. ఆయన "ఊఁ" అన్నాడు. ధర చాలలేదనుకున్నాను. బతుకమ్మ నాడు మొదటి శాలువా మీకే అన్నాను. "ఊఁ" అన్నాడు. ఇంకా పైకి వెళ్ళాను. వాలీబాల్ పోటీలకు మీ పేరు మీద కప్పు పెడతాను అన్నాను.

"నా పేరు మీద కప్పెందుకు సేటు? నేను సచ్చిన్నా?"

గోడ పక్కన కూర్చున్న ఇద్దరు డ్రైవర్లు పగలబడి నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. నా వైపు వంగి, గొంతు తగ్గించి అడిగాడు. "నిజంగ చెప్పు. నిలబడాల్నా, వద్దా? గెలిచిన పొద్దు మా ఇంటి ముంగట చెప్పులు కుప్ప పోసినట్టుండె. ఓడిన తెల్లారి వాకిట్ల నావి ఒక్క జతనే. మల్ల గట్లయితే ఎట్ల?"

ఈ మాటలు నాకిప్పుడు ఎంత స్పష్టంగా గుర్తున్నాయో, అప్పుడు అంత శుభ్రంగా చెవిన పడలేదు. మనిషి నిజంగా అడుగుతున్నాడని నాకు తోచలేదు. బాగా ముదురు బేరగాడు, జాలి పుట్టించి ధర పెంచుతున్నాడు అనుకున్నాను. ఇక మిగిలింది ఒకటే ఉపాయం. లేచి వెళ్ళిపోవడం. బేరం కుదరనప్పుడు మెల్లగా నడవాలి, చెవి మాత్రం వెనక్కే ఉండాలి. అవతలివాడు పిలుస్తాడు. నా ఉద్యోగంలో నూటికి తొంభైసార్లు పిలిచారు.

"సరే సాబ్, మీ ఇష్టం" అని లేచాను. మెల్లగా నడిచాను. పికప్ దాకా చేరేలోపు వెనకనుంచి పిలుపు వచ్చింది.

"సేటూ!"

ముఖంలో ఏమీ కనబడనీయకుండా తిరిగాను.

"బండి తాళం మర్చిపోయినవ్."

శనివారం సాయంత్రం గడువు దాటిపోయింది. సర్పంచ్ సాబ్ అవుననలేదు, కాదనలేదు. పోటీలో నేనూ, ముసఫ్ఫాలోనే టైర్ల షాపు పెట్టుకున్న ఒక నెల్లూరు తమ్ముడూ మిగిలాం.

ఆదివారం ఓటు ఆ తమ్ముడి గోదాములోనే జరిగింది. పద్ధతి చాలా మామూలుది. తెల్ల చీటీ ఇస్తారు, దాని మీద ఇష్టమైన పేరు రాసి డబ్బాలో వేయాలి. పోటీలో ఉన్నామని చెప్పని వాళ్ళ పేరు రాస్తే ఆ చీటీ రద్దు. ఓట్లయ్యాక జనమంతా బయట చాయ్ దగ్గర చేరారు. లోపల చీటీలు విప్పింది ముగ్గురం: నేను, టైర్ల తమ్ముడు, మా తెలుగు సంఘం కార్యదర్శి. కార్యదర్శి కర్నూలు మనిషి, ఒక క్లినిక్‌లో లెక్కలు చూస్తాడు, మహా నిదానస్తుడు. ఒక్కో చీటీ విప్పి, చదివి, మూడు కుప్పలుగా పెట్టుకుంటూ పోయాడు.

నా కుప్ప టైర్ల తమ్ముడి కుప్ప కంటే ఒక వేలు మందం ఎక్కువ తేలింది. రద్దయిన కుప్ప మాత్రం నిలబడలేక రెండుసార్లు కూలిపోయింది. కంటితో చూసి బరువు చెప్పగల ఇంట్లో పుట్టాను, నాకు లెక్క అక్కర్లేదు. మా రెండు కుప్పలు కలిపినా దానికి తూగవు. అన్నిటి మీదా ఒకటే, సర్పంచ్ సాబ్. ఒకడు "సర్పంచ్ సాబ్ గారు" అని రాశాడు. ఒకడు కింద దండం పెట్టే చేతులు గీశాడు. నా చీటీల మీద సగం మంది ఉత్త "సేటు" అని రాసి వదిలేశారు.

టైర్ల తమ్ముడు నవ్వుతూ నా భుజం తట్టాడు. "నన్ను నువ్వు ఓడగొట్టలేదన్నా. ఆయన రాకుండానే మనిద్దర్నీ ఓడగొట్టినాడు."

కార్యదర్శి ఆ కూలిన కుప్పను దగ్గరికి తీస్తూ అడిగాడు. "ఇవి ఎన్నని గ్రూపులో రాసేదన్నా?"

"రద్దయినయే గద. అవి చెప్పుడెందుకు?" అన్నాను.

"చెప్పకుంటే ఏమీ లేదులేన్నా." మళ్ళీ తనే, "చెప్తే మాత్రం ఏముంది?" అన్నాడు.

నేను నా కుప్ప అంచులు సమంగా సర్దుతూ ఉండిపోయాను. ఆయన నా ముఖం వైపు కొంచెంసేపు చూసి, వాటిని ఒక బిస్కెట్ డబ్బాలో పెట్టి మూత వేశాడు. గ్రూపులో నా గెలుపు ఒక్కటే వచ్చింది.

మరునాడు పది గంటల వేళ నేనొక షాపులో వెల్డింగ్ రాడ్లు బేరం చేస్తుండగా సర్పంచ్ సాబ్ ఫోన్ చేశాడు. బాగున్నావా, గెలిచినవంట, సంతోషం అన్నాడు.

"సేటు, ఊకెనే అడుగుతున్న. నా పేరు ఎవలన్న రాసిన్రా?"

నిజం నాలుక చివర దాకా వచ్చింది. ఆ కుప్ప, ఆ దండం బొమ్మ, అన్నీ కళ్ళముందు కనబడ్డాయి. చెబితే ఆయన గొంతులో వచ్చే సంతోషం కూడా ముందే వినబడింది. దాన్ని నేను ఓర్చుకోలేకపోయాను.

"ఇద్దరో ముగ్గురో రాసిన్రు సాబ్."

"అట్లనా. మంచిదే తియ్."

ఫోన్ పెట్టేశాక షాపువాడు చెప్పిన ధరకే రాడ్లు తీసుకున్నాను. వాడు కంగారుపడ్డాడు. పాకిస్తాన్ మనిషి, ఏళ్ళ తరబడి నాతో కొట్లాడినవాడు. "భాయ్, తబియత్ ఠీక్ హై?" అని నీళ్ళ సీసా ఇచ్చాడు.

ఆ వారమే క్లబ్బులో నామినేషన్ వేయాలి. నన్ను ప్రతిపాదించే సభ్యుడికి పదేళ్ళ సభ్యత్వం ఉండాలట. మావాళ్ళలో అంత పాత సభ్యుడు ఒక్కడే. ఎవరో వేరే చెప్పక్కర్లేదు. ఫోన్ చేసి అడిగితే వెంటనే ఒప్పుకున్నాడు. తర్వాతి ఆదివారం పొద్దున ఐకాడ్ వెళ్ళి పికప్‌లో ఎక్కించుకున్నాను. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. నాది నీలం గళ్ళది, మంచిదే, కానీ ఆయన పక్కన నేను డ్రైవరులాగే కనబడతానని ఎక్కగానే అర్థమైంది.

ముసఫ్ఫా వంతెన దాటుతుండగా ఆయనే మొదలుపెట్టాడు.

"ఇద్దరో ముగ్గురో అన్నవ్ గదా సేటు. మా క్యాంపు నుంచి ఒక బస్సు నిండ అచ్చిన్రు ఓటుకు. ఆ బస్సు బస్సంత నా పేరే రాసిన్రంట. ఆ పొద్దే ఆళ్ళే అచ్చి చెప్పిన్రు."

"తెల్సి నన్నెందుకు అడిగిన్రు సాబ్?"

"పక్క దుకాణంల ధర అడిగి నీ దుకాణంకు అచ్చినోణ్ణి నువ్వు ఎన్నడు సూడలేదా?"

చూశాను. వందమందిని చూశాను. రాగానే గుర్తుపట్టేవాణ్ణి. ఆయన గొంతును మాత్రం గుర్తుపట్టలేకపోయాను.

సిగ్గుతో ఒక మాట వచ్చేసింది. "సాబ్, నామినేషన్‌కు ఇయ్యాల సాయంత్రం దాక టైముంది. మీరే ఏసుకోండ్రి. నేనే అందరికి చెప్త, చీట్ల సంగతి గూడ చెప్త." నిజంగానే అన్నాను. అంటున్నంతసేపూ ఆయన ఒప్పుకోకూడదని లోపల మొక్కుకుంటూనే ఉన్నాను. రెండూ నిజమే.

రెండు సిగ్నళ్ళు పోయాయి. క్లబ్బు ముందు పార్కింగ్ దొరికింది. బండి ఆపాక కూడా ఆయన దిగకుండా కూర్చున్నాడు.

"నీకెంత ఆశ లేకుంటే నా చీట్లు దాస్తవ్? నాకు గంత లేదు సేటు. ఉన్నదనుకున్న. నిలబడుండ్రి సాబ్, నిలబడుండ్రి సాబ్ అని అడుగుతాంటె పానానికి మంచిగుండె. గదే మంచిగుండె. నిలబడ్డంక ఎవలడుగుతరు?"

తర్వాత క్లబ్బు ఎన్నికలో నేను ఓడిపోయాను. మూడో స్థానం. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఓడిన మరుసటి రోజు కూడా నాకు గుర్తులేదు. గుర్తున్నదల్లా ఆ ఆదివారం పొద్దుటి క్లబ్బు ఆఫీసు.

లోపల వరుసలో పదిమంది ఉన్నారు. మేం వెళ్ళేసరికి ఎవరో ముక్కూముఖం తెలియని మనిషి లేచి సర్పంచ్ సాబ్‌కు కుర్చీ వేశాడు. ఆయన కూర్చుని, ఫారం మోకాలి మీద పెట్టుకుని, కలం తీశాడు. అభ్యర్థి పేరు రాసే గీత దగ్గర కలం ఆగింది. అక్కడే చాలాసేపు ఆగింది. నేను పక్కన నిలబడి ఆ కలం మొనను చూస్తున్నాను. నా జీవితంలో ఏ త్రాసు ముల్లునూ అంత కళ్ళార్పకుండా చూడలేదు.

"నీ పూర్తి పేరేంది సేటు?" అన్నాడు.

చెప్పాను. ఒక్కో అక్షరం దిద్దినట్టు రాశాడు. కింద సంతకం పెట్టాడు. ఆ సంతకం కూడా నాదానికంటే బాగుంది.

మా వంతు వచ్చేసరికి ఆయన కుర్చీ కూడా కౌంటర్ దాకా వచ్చింది. అక్కడి గుమాస్తా కొత్తగా వచ్చినవాడు, మలయాళీ. ఫారం చూసి, ముద్ర వేసి, లేచి నిలబడి సర్పంచ్ సాబ్ చేయి పట్టుకుని ఊపాడు. "ఆల్ ద బెస్ట్ సర్. యూ విల్ విన్."

"థాంక్యూ బేటా" అన్నాడు సర్పంచ్ సాబ్. పోటీ చేసేది తాను కాదని ఆయన చెప్పలేదు. నేనూ చెప్పలేదు. చేయి చాపడానికి సిద్ధంగా పెట్టుకున్నవాణ్ణి, ఆ చేత్తోనే ఆయన లేవడానికి వీలుగా కుర్చీ వెనక్కి జరిపాను.